రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి నుంచి సైకాలజిస్టు దగ్గరికి: ఎక్కడికి వెళ్ళాలి, వెళ్తే ఏం జరుగుతుంది

ఒడిశాలోని మా వైపు ఎవరికైనా మనసు బాగోలేదంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "వైజాగ్‌లో మంచి డాక్టర్ ఎవరు?" కంటికో మోకాలికో అయితే ఆ ప్రశ్న సరిపోతుంది. ఒకసారి వెళ్ళి ఆపరేషన్ చేయించుకుని వచ్చేస్తాం. సైకాలజిస్టుతో మాట్లాడుతూ చేయించుకునే చికిత్స, అంటే థెరపీ, అలా నడవదు. మామూలుగా వారానికోసారి, రెండు మూడు నెలల పాటు వెళ్ళాలి. ఎంత పేరున్న మనిషైనా రెండుసార్లు కలిసి మానేస్తే మీకు ఒరిగేది తక్కువ.

అందుకని ఎంపిక దగ్గర నేనైతే రెండే చూడమంటాను. అక్కడికి ఎనిమిది పది వారాలు వరసగా వెళ్ళగలరా? అక్కడ మీ ఇంటి భాషలో మాట్లాడగలరా? పేరు, బిల్డింగు, ఏసీ గది ఆ తరవాత.

ఇంటి భాష గురించి కొంచెం చెప్పాలి. ఒడిశాలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళం స్కూల్లో ఒడియా చదివాం, ఆఫీసులో ఒడియా, హిందీ కలిపి నెట్టుకొస్తాం. సంతలో ఒడియాలో బేరం ఆడితే ఎదుటివాళ్ళు మనల్ని తెలుగువాళ్ళని పట్టుకోలేరు. కానీ నాన్న మీద ఇరవై ఏళ్ళుగా ఉన్న కోపం, పెళ్ళయిన కొత్తలో అత్తగారు అన్న మాట, అర్ధరాత్రి మెలకువ వచ్చి గుండె దడదడలాడటం, ఇవి ఒడియాలో చెప్పబోతే సగం మింగేస్తాం. "ఏటో బెంగగా ఉంటాది మేడమ్, ఏ పనీ చెయ్యబుద్దవదు" అని ఎలా వస్తే అలా చెప్పగలిగిన చోటే పని జరుగుతుంది. వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యోగం చేసింది పర్లాకిమిడిలోనే. ఆ ఊరివాళ్ళు డాక్టర్ ముందు కూర్చుని పుస్తక భాష కోసం తడుముకోవడం నాకు వింతగా ఉంటుంది.

అయితే దీనికి తిరకాసు కూడా ఉంది. సిగ్గుపడే విషయాలు కొందరికి హిందీలోనో ఇంగ్లీషులోనో చెబితేనే నోరు పెగులుతుంది, పరాయి భాషలో అది ఎవరిదో కథలా అనిపించి. మీరు ఆ రకమైతే మీకు ఎంపికలు ఎక్కువే.

బోర్డు మీద ఏం రాసుందో చదవండి

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టర్. మందులు రాస్తారు. జనం సిగ్గుపడి "నరాల డాక్టర్" అని చెప్పుకునేది చాలాసార్లు ఈయన గురించే.

క్లినికల్ సైకాలజిస్టు ఎంబీబీఎస్ డాక్టర్ కాదు, మందులు రాయరు. సైకాలజీలో పీజీ తరవాత ఆసుపత్రిలో శిక్షణతో రెండేళ్ళ ఎం.ఫిల్ గానీ, సై.డి (సైకాలజీలో డాక్టరేట్) గానీ చేసి, భారత పునరావాస మండలిలో, అందరూ ఆర్‌సీఐ అనే సంస్థలో, పేరు నమోదు చేయించుకుని ఉంటారు. 1992 చట్టంతో వచ్చిన రిజిస్టర్ అది. ప్రతి ఒక్కరికీ సీఆర్ఆర్ నంబరు, అంటే ఆ రిజిస్టర్‌లోని నంబరు ఉంటుంది. "మీ ఆర్‌సీఐ నంబర్ చెబుతారా?" అని అడగడం మర్యాద తప్పడం కాదు. ఆ ప్రశ్నకి మొహం మాడ్చుకునే మనిషి దగ్గర మీ ఇంటి గుట్టు విప్పకపోవడమే మంచిది.

ఇక కౌన్సెలర్ అన్న బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని వెనక ఎమ్మే సైకాలజీ చదివి పదేళ్ళు పనిచేసిన మనిషి ఉండవచ్చు, రెండు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసిన మనిషీ ఉండవచ్చు. పరీక్షల టెన్షన్, భార్యాభర్తల మధ్య మాటలు తెగిపోవడం, ఇంట్లో మనిషి పోయిన దుఃఖం లాంటివాటికి మంచి కౌన్సెలర్ చాలు. పదే పదే చేతులు కడుక్కునే జబ్బు, ఏళ్ళ తరబడి డిప్రెషన్, చిన్నప్పటి లైంగిక వేధింపులు అయితే క్లినికల్ సైకాలజిస్టునే వెతకండి.

కొన్నిటికి అసలు సైకాలజిస్టు దగ్గరికి ముందు వెళ్ళకూడదు. జ్వరంతో ఉన్న మనిషి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే, మా రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ముందు అనుమానించాల్సింది మలేరియా మెదడుకెక్కిందేమోనని. ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాలి. రోజూ తాగే మనిషి మానేసిన రెండో మూడో రోజు చేతులు వణికి, లేనివి కనపడి, ఫిట్స్ వస్తే అదీ ఆసుపత్రి కేసే, మాటలతో తగ్గదు. బాలింతరాలు రోజుల తరబడి నిద్రపోకుండా, బిడ్డ గురించి వింత వింత అనుమానాలు చెబుతుంటే "పచ్చి బాలింత కదా, అదే సర్దుకుంటుంది" అనుకోవద్దు. ఎవరో పిలుస్తున్నట్టు మాటలు వినపడటం, ఇంట్లోవాళ్ళే విషం పెడుతున్నారన్న అనుమానం, ఇవి సైకియాట్రిస్టు చూడాల్సినవి. మందులతో మనిషి కుదుటపడ్డాక థెరపీ పనికొస్తుంది.

ఇంకొకటి. నిద్రపట్టడం లేదంటే ఊళ్ళో ఆర్‌ఎంపీయో మందుల షాపాయనో చేతిలో పెట్టే ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు కొన్ని నెలలుగా వాడుతుంటే, ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. అవి అలవాటు పడే మందులు. హఠాత్తుగా మానేసినా ప్రమాదమే, డాక్టర్ చూసుకుంటూ మెల్లగా తగ్గించాలి.

మొదటి రోజు

సోఫాలో పడుకోబెట్టరు. హిప్నటైజ్ చెయ్యరు. రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, ఒక్కోసారి టిష్యూ డబ్బా, అంతే. మొదటి సిట్టింగ్‌లో ఎక్కువ భాగం వాళ్ళు అడగడం, మీరు చెప్పడం. ఎప్పటి నుంచి ఉంది, నిద్ర ఎలా ఉంది, ఆకలి, పని, తాగుడు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా, ఇంతకుముందు ఏ మందులు వాడారు. చాలామందికి ఒక కాగితం ఇస్తారు. డిప్రెషన్‌కి వాడే పీహెచ్‌క్యూ-9 అనే దాంట్లో గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు. ఇందులో ఎక్కువ వస్తే బాధ ఎక్కువని అర్థం, కాబట్టి మంచి మార్కుల కోసం తంటాలు పడకండి. దీని తెలుగు కాగితం ఉంది, అడగండి. ఒడియా కాగితం చేతిలో పెడితే ప్రతి ప్రశ్నకీ తలాడించి సగం సగం జవాబులు రాయడం వల్ల నష్టం మీకే.

చావాలనిపిస్తోందా అని కూడా అడుగుతారు. అడిగితే కంగారు పడకండి. అందరినీ అడిగే ప్రశ్నే అది. నిజం చెబితే పోలీసు కేసవుతుందన్న భయం మా వైపు ఇంకా ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స అందించాలి. ప్రయత్నించినవాళ్ళకే శిక్ష లేనప్పుడు, అలాంటి ఆలోచన వస్తోందని చెప్పినవాళ్ళకి ఏ భయమూ అక్కర్లేదు.

మీరు చెప్పింది బయటికి పోకూడదని చెప్పేదీ ఆ చట్టమే. దానికి కొన్ని మినహాయింపులున్నాయి: మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందని తెలిసినప్పుడు, కోర్టు ఆదేశించినప్పుడు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద వాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. మంచి సైకాలజిస్టు ఇవన్నీ మొదటి రోజే విడమర్చి చెబుతారు.

మనవాళ్ళు ఒక్కరే వెళ్ళరు కదా. అమ్మ, మేనమామ, పెద్దన్నయ్య అందరూ గదిలోకి వస్తారు, రోగి తప్ప అందరూ మాట్లాడతారు. సైకాలజిస్టు వాళ్ళ మాట కాసేపు విని, తరవాత బయట కూర్చోమంటారు. "మాకు తెలీకుండా ఏటుంటాది?" అని పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. ఇంటి దగ్గరే ముందుగా చెప్పి తీసుకెళ్తే ఆ గొడవ ఉండదు. బలవంతాన వచ్చిన మనిషితో ఎలా మొదలవుతుందంటే:

"నాకేటీ రోగం లేదు మేడమ్. మా ఆవిడే లాక్కొచ్చింది."

"సరేనండీ. ఆవిడకి ఏం కనిపించి తీసుకొచ్చుంటారు?"

చూడండి, వాదన లేదు. "మీకు డిప్రెషన్ ఉంది, ఒప్పుకోండి" అని మొదటి అయిదు నిమిషాల్లో ముద్ర వేసే మనిషి కన్నా ఇలా అడిగే మనిషి దగ్గర పని జరిగే అవకాశం ఎక్కువ.

మీరు ఆశించకూడనివి కూడా ఉన్నాయి. తప్పు మీదా మీ వదినదా అని తీర్పు చెప్పరు. విడాకులు తీసుకో, ఉద్యోగం మానెయ్ అని వాళ్ళు చెప్పరు. మొదటి రోజు బయటికొచ్చాక తేలిగ్గా అనిపించవచ్చు, మరింత బరువుగా కూడా అనిపించవచ్చు. ఏళ్ళ నాటి సంగతి కదిలించాక ఆ రాత్రి నిద్రపట్టకపోవడం మామూలే. అందుకే వీలైతే మర్నాడు నైట్ షిఫ్టు, ఊరి ప్రయాణం పెట్టుకోకండి.

జిల్లా ఆసుపత్రి

ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. బళ్ళారిలో చేసి చూసిన పద్ధతిని తీసుకుని 1996 నుంచి దాన్ని జిల్లాలకి తెచ్చారు. ఆ పథకం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు ఉండాలి. ఉండాలి అన్న మాట గమనించండి. పోస్టు మంజూరవడం వేరు, కుర్చీలో మనిషి ఉండటం వేరు. వెళ్ళే ముందు ఫోన్ చేసో, తెలిసినవాళ్ళని పంపో "సైకాలజిస్టు ఉన్నారా, ఏ రోజుల్లో చూస్తారు" అని కనుక్కోండి.

దీని బలం డబ్బు ఖర్చు లేకపోవడం. ఓపీ చూపించుకోవడానికి, నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్‌లో దొరికే మందులకి ఖర్చు ఉండదు. దగ్గర కాబట్టి పదివారాలు వెళ్ళగలరు. నా లెక్కలో ఇది చాలా పెద్ద మార్కు. సైకియాట్రిస్టు కూడా అదే ఆవరణలో ఉంటే మందులూ మాటలూ రెండూ ఒకేచోట నడుస్తాయి.

బలహీనత రెండు రకాలు. ఒకటి సమయం. బయట క్యూ ఉంటే ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడటం వాళ్ళకీ కుదరదు. "సార్, వారంలో రద్దీ తక్కువుండే రోజు ఏదో చెబితే ఆ రోజే వస్తాను" అని అడగండి, చాలామంది చెబుతారు. రెండోది గుట్టు. చిన్న ఊరు. చీటీ రాసే అబ్బాయి మీ తోడల్లుడి క్లాస్‌మేట్ అయ్యుంటాడు. క్యూలో పక్కింటి పిన్నిగారు ఎదురై "ఏటమ్మా, ఇక్కడికొచ్చావేటి?" అంటారు. నిజంగా ఇబ్బందే. కాకపోతే ఆవిడా అదే క్యూలో ఉందన్న సంగతి మర్చిపోకండి.

భాష సంగతి ఆ రోజు కుర్చీలో ఎవరున్నారన్న దాని మీద ఉంటుంది. ఒడియా మనిషైనా రాయగడలో కొన్నాళ్ళు పనిచేస్తే తెలుగు అర్థం చేసుకుంటారు. మీరు తెలుగులో చెబుతుంటే వాళ్ళు ఒడియాలో అడగడం బాగానే నడుస్తుంది, నేను చూశాను. కానీ కొత్తగా కటక్ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళతో కష్టం. అప్పుడు ఇంట్లో మనిషిని దుబాసీగా కూర్చోబెట్టకండి. భర్త గురించి చెప్పాల్సిన మాటని భర్తే అనువాదం చేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

మెడికల్ కాలేజీలు

జయపురం, కోరాపుట్ వాళ్ళకి కోరాపుట్‌లోని సహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, గజపతి, గంజాం వాళ్ళకి బరంపురంలోని ఎంకేసీజీ దగ్గర. ఎంకేసీజీకి ఆ పేరు పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారిదే. పర్లాకిమిడి వాళ్ళు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీకీ వెళ్ళవచ్చు, అక్కడ భాష ఇబ్బంది లేదు. జబ్బు ఏమిటో తేలనప్పుడు, నలుగురు డాక్టర్లు నాలుగు పేర్లు చెప్పినప్పుడు మెడికల్ కాలేజీయే మేలు. పిల్లలకి తెలివితేటల పరీక్ష, ఆటిజం అనుమానం కూడా ఇక్కడే చూపించండి. వారం వారం థెరపీకి మాత్రం నేను పంపను. ముందు పీజీ విద్యార్థి మీ కథంతా రాసుకుంటారు, తరవాత పెద్ద డాక్టర్ మళ్ళీ అడుగుతారు, తరవాతి సారి ఇంకొకరుంటారు. జబ్బు తేల్చుకోవడానికి ఇది బాగుంటుంది. ఒకే మనిషితో నమ్మకం కుదరాల్సిన పనికి బాగుండదు.

విశాఖ

తెలుగు, గుట్టు, ఎంపిక, మూడూ ఉన్నాయి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఊళ్ళో ప్రైవేటు క్లినిక్కులు చాలా ఉన్నాయి. పార్వతీపురం, విజయనగరం మీదుగా రాయగడ నుంచి రైలుంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్ళకి నౌపడా మీదుగా ఉంది. కానీ యాభై నిమిషాల మాటకి ఒక రోజంతా పోతుంది.

లెక్క వేసి చూడండి. ప్రైవేటులో ఫీజు మనిషిని బట్టి అయిదారు వందల నుంచి రెండు వేలు, ఆ పైన కూడా ఉంటుంది. వెయ్యి అనుకుందాం. రైలు, ఆటో, భోజనం ఇద్దరికీ అయిదు వందలు. ఆ రోజు పోయిన కూలో, పెట్టిన సెలవో ఇంకో అయిదు వందలు. వారానికి రెండు వేలు, పన్నెండు వారాలకి ఇరవై నాలుగు వేలు. మొదటి రోజు ఫీజు మాత్రమే చూసుకుని "ఇంతేగా" అనుకున్నవాళ్ళు నాలుగో వారానికి మానేస్తారు. కార్డుల మీద ఆశ పెట్టుకోకండి. ఆంధ్రా ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, ఒడిశా అడ్రసు ఉన్నవాళ్ళకి రాదు. ఆయుష్మాన్ లాంటివి ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం, వారం వారం సిట్టింగులకి కాదు. ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీలు మానసిక జబ్బుల్ని శరీర జబ్బులతో సమానంగా చూడాలని 2017 చట్టం అంటుంది, అయినా ఓపీ ఖర్చులు మీ పాలసీలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పరిచయాలు లేకుండా గుట్టుగా ఉండాలన్న ఒక్క కారణానికే విశాఖ అనుకుంటే, కింద చెప్పిన వీడియో పద్ధతి ముందు చూడండి.

వీడియోలో

నా మొగ్గు చాలామంది విషయంలో ఇటే. విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉన్న తెలుగు క్లినికల్ సైకాలజిస్టుని మొదటిసారి ఎదురుగా వెళ్ళి కలవండి. తరవాత వారం వారం వీడియోలో, నెలకోసారో రెండు నెలలకోసారో మళ్ళీ ఎదురుగా. మనిషిని ఒకసారి చూశాక ఫోన్‌లో మాట్లాడటం తేలిక. ఖర్చు సగానికి సగం తగ్గుతుంది.

దీనికి అడ్డు డాక్టర్ దగ్గర కాదు, మన ఇంట్లో ఉంది. రెండు గదుల ఇంట్లో అత్తగారు టీవీ చూస్తుండగా, పిల్లలు తలుపు కొడుతుండగా మనసులో మాట ఎవరు చెబుతారు? మేడ మీద సిగ్నల్ ఉంటుంది, గుట్టు ఉండదు. ఆఫీసు అయ్యాక ఖాళీ గదిలో కూర్చునేవాళ్ళు, స్నేహితురాలి ఇంట్లో గంట అడిగి తీసుకునేవాళ్ళు, ఆపిన కారులో అద్దాలెక్కించి మాట్లాడేవాళ్ళు ఉన్నారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కనీసం అవతలివాళ్ళ మాట బయటికి రాదు. నెట్ పోయి మధ్యలో మాట తెగితే ఏం చెయ్యాలో ముందే అనుకోండి, మామూలు ఫోన్ కాల్‌కి మారతామని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

ప్రాణం మీదికి తెచ్చుకునే ఆలోచనలు ఉన్నవాళ్ళకీ, ఇంట్లోనే కొట్టే మనిషి ఉన్నవాళ్ళకీ వీడియో ఒక్కటే సరిపోదు. దగ్గర్లో చూసే డాక్టర్ ఒకరు ఉండాలి.

టెలి మానస్, 14416

2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఫోన్ సేవ. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగు, ఒడియాతో కలిపి ఇరవై భాషలున్నాయి. కాల్ కలిశాక భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కండి. శిక్షణ ఉన్న కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై నిపుణుల దగ్గరికి కలుపుతారు, దగ్గరి ఆసుపత్రికి పంపుతారు. రాత్రి రెండింటికి గాబరా పుడితే దీనికి మించింది లేదు. వారం వారం ఒకే మనిషితో సాగే థెరపీకి మాత్రం ఇది బదులు కాదు. ఎవరైనా అప్పటికే ప్రాణాపాయంలో ఉంటే 108కి చెయ్యండి.

గునియా (భూతవైద్యుడు), గుడి, ప్రార్థన

వీళ్ళని వదిలేసి రాస్తే ఈ పోలిక అబద్ధమవుతుంది. మా వైపు చాలా ఇళ్ళల్లో మొదట వెళ్ళేది వీళ్ళ దగ్గరికే. గాలి సోకిందనో, చిల్లంగి పెట్టారనో తాయెత్తు కట్టించాకే ఆసుపత్రి గుర్తొస్తుంది. మజ్జిగౌరమ్మకి మొక్కుకోండి, చర్చిలో ప్రార్థన చేయించండి, ఏ సైకాలజిస్టూ వద్దనరు. మొక్కు కోసం మందులు ఆపకండి, అంతే. కొట్టడం, పొగ పెట్టడం, గొలుసుతో కట్టెయ్యడం దగ్గర మాత్రం రాజీ లేదు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని 2017 చట్టం సూటిగా చెబుతుంది.

ఆ వారాల్లో జరిగేది

"ఊరికే మాటలే కదా, మా బావతో చెప్పుకుంటే సరిపోదా?" అనేవాళ్ళ కోసం ఒక ఉదాహరణ. రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే రైలు లైన్లో సొరంగాలు చాలా ఉన్నాయి. ఒక కుర్రాడికి సొరంగంలో ఉండగా ఒకసారి ఊపిరాడనట్టై, గుండె కొట్టుకుని, చచ్చిపోతున్నానేమో అనిపించిందనుకోండి. ఈసీజీ బాగానే ఉంది. అప్పటినుంచి రైలెక్కడు. తరవాత బస్సూ ఎక్కడు. ఆరు నెలలకి బజారుకీ వెళ్ళడు. బావగారైతే "ధైర్యంగా ఉండాలిరా" అంటారు. అమ్మ "మానెయ్యి నాయినా, రైలెందుకు" అంటుంది. తప్పించుకున్న ప్రతిసారీ భయం ఇంకాస్త పెరుగుతుంది కాబట్టి, ప్రేమతో చెప్పినా అమ్మ మాట వల్లే ఎక్కువ నష్టం.

సీబీటీ అనే, ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే పద్ధతిలో పనిచేసే సైకాలజిస్టు ముందు ఆ దడ ఎలా పుడుతుందో, దాదాపు పది నిమిషాల్లో ఎలా పైకెళ్ళి తానే దిగుతుందో వివరిస్తారు. తరవాత ఇద్దరూ కలిసి మెట్లు రాసుకుంటారు. మొదటి వారం స్టేషన్‌కి వెళ్ళి ప్లాట్‌ఫాం మీద కూర్చోవడం. తరవాత సొరంగం లేని వైపు, పార్వతీపురం దాకా తోడుతో వెళ్ళిరావడం. తరవాత ఒంటరిగా. ఆఖరికి టికిరి వైపు. ప్రతి మెట్టు దగ్గర భయం పదికి ఎంతో రాసుకుంటాడు. భయం దిగేదాకా అక్కడే ఉంటాడు, మధ్యలో దిగి పారిపోడు. ఇంటిపని లేకుండా ఇది నడవదు. గదిలో యాభై నిమిషాలు, మిగతా వారమంతా బయట.

డిప్రెషన్‌కి పద్ధతి వేరు: మనసొచ్చాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పని ముందు పెట్టుకుని, మనసుని దాని వెనక రానివ్వడం. చేతులు పదే పదే కడిగే జబ్బుకి, కడగకుండా ఆ ఇబ్బందిని ఓర్చుకోవడం నేర్పుతారు. ఇవి బావగారు చెప్పగలిగినవి కావు.

నాలుగైదు సిట్టింగులయ్యాక "మనం దేని మీద పనిచేస్తున్నాం, ఎక్కడిదాకా వచ్చాం?" అని అడగండి. జవాబు రావాలి. రాకపోతే మనిషిని మార్చండి, ముందు ఆ మాట మొహమాటం లేకుండా వాళ్ళతోనే అనండి. మారాల్సిందే అన్న సందర్భాలు కొన్నున్నాయి. మూడు సిట్టింగుల్లో గ్యారంటీ అనేవాళ్ళు, ఇరవై సిట్టింగుల డబ్బు ముందే కట్టమనేవాళ్ళు, సైకియాట్రిస్టు మందులు ఆపెయ్యమనేవాళ్ళు, ఒంటి మీద చెయ్యి వేసేవాళ్ళు, ఇంకో పేషెంటు కథ మీకు చెప్పేవాళ్ళు. మీది రేపు ఇంకొకరికి చెబుతారు. అబ్బాయికి అబ్బాయిలంటే ఇష్టమైతే దాన్ని "మారుస్తాం" అనేవాళ్ళ దగ్గరికి అసలే వద్దు. డాక్టర్లు అలాంటి చికిత్స చెయ్యడం వృత్తి నియమాల ఉల్లంఘన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది.

అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేసేటప్పుడు

కథంతా చెప్పక్కర్లేదు. "నమస్తే అండీ. రాయగడ నుంచి చేస్తున్నాను. నిద్ర, భయం గురించి చూపించుకోవాలి. సార్ క్లినికల్ సైకాలజిస్టేనా? తెలుగులో మాట్లాడతారా? సిట్టింగ్ ఎంతసేపు, ఎంత తీసుకుంటారు? మొదటిసారి తరవాత వీడియోలో చూస్తారా? రాలేకపోతే ఎంత ముందు చెప్పాలి?" ఇంతే. రిసెప్షన్ అమ్మాయి "ఏ సమస్యండీ?" అని లోతుగా అడిగితే "సార్‌తోనే చెబుతానండీ" అనేయండి. రైలు సంగతి కూడా చెప్పండి. బండి ఆలస్యమైతే ఏం చేస్తారో అడగండి, కొంతమంది పావుగంట దాటితే సిట్టింగ్ రద్దు చేసి ఫీజు మాత్రం తీసుకుంటారు.

వెళ్ళేటప్పుడు పాత మందుల చీటీలు, థైరాయిడ్ లాంటి పరీక్షలు చేయించుంటే ఆ రిపోర్టులు పట్టుకెళ్ళండి. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా అచ్చం డిప్రెషన్‌లాగే కనిపిస్తాయి. చెప్పాలనుకున్నవి ఒక కాగితం మీద మీకు వచ్చిన తెలుగులో రాసుకోండి. గొంతు పూడుకుపోతే కాగితం చేతికిచ్చి చదవమనవచ్చు.